వాసన లేని చోటు కావలెను

మా బావమరిది సిలిగురిలో ఉద్యోగం చేస్తాడు. సెలవులకి విశాఖపట్నం వచ్చినప్పుడల్లా పావుకిలో డార్జిలింగ్ ఆకు టీ పట్టుకొస్తాడు. దానితో పాటు ఒక ఉపన్యాసం కూడా. "బావా, ఇది ఫస్ట్ ఫ్లష్. చలి తగ్గాక మార్చి, ఏప్రిల్‌లలో మొదటి చిగుళ్లు కోసి చేసింది. దీనికి గాలి తగలకూడదు, వెలుతురు తగలకూడదు, తడి తగలకూడదు, వేడి తగలకూడదు. వేరే వాసన అసలే తగలకూడదు." పురిటి గదిలో పసిబిడ్డకి కూడా మా అమ్మ ఇన్ని ఆంక్షలు పెట్టలేదు.

ఆవిడ ఆ ఆకుని అరచేతిలో వేసుకుని చూసి, "ఇంత పచ్చగా ఉందేంట్రా, సరిగ్గా ఎండలేదేమో. రెండ్రోజులు డాబా మీద ఆరబెడదామా?" అంది. మా బావమరిదికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పటిదాకా మా ఇంట్లో టీ అంటే పొడే. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఆకుని పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టేసే సీటీసీ యంత్రం కనిపెట్టాడు. అందులోంచి వచ్చే నల్లటి గింజల్ని పాలల్లో మరిగించి, అల్లం దంచి వేసి, పంచదార పోస్తే అది కొత్తదో పాతదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే మన ఇళ్లలో టీ డబ్బా స్టవ్ పక్కన, మూత సగం ఊడి, నిశ్చింతగా బతికేస్తుంది. ఆకు టీకి పాల అండ లేదు, అల్లం అండ లేదు. దానికి ఉన్నదల్లా తేలిగ్గా ఎగిరిపోయే పూల పరిమళం. అది కాస్తా డబ్బాలోనే పోతే, కప్పులో మిగిలేది రంగునీళ్లు.

మా ఆవిడ ముందు దాన్ని గాజు సీసాలో పోసి హాలు కిటికీ దగ్గర పెట్టింది. డార్జిలింగ్ నుంచి టీ వచ్చాక అది నలుగురి కంటా పడకపోతే ఎలా? వీడియో కాల్‌లో ఆ సీసా వెనకాల ఎండ చూసి మా బావమరిది గోల పెట్టాక, వంటింట్లోకి మార్చింది. ఈసారి స్టీలు డబ్బా. కడిగి, తుడిచి, ఎండబెట్టిన డబ్బా. అంతకుముందు అందులో ఇంగువ ఉండేది.

"కడిగాను కదండీ," అంది ఆవిడ. కడిగిన మాట నిజమే. ఇంగువకి ఆ సంగతి తెలియలేదు. వారం తిరిగేసరికి మా కప్పుల్లోకి తిరగమోత పెట్టిన డార్జిలింగ్ వచ్చింది. మా అమ్మ మాత్రం మొదటిసారి ఆ టీని మెచ్చుకుంది. "ఇప్పుడు కాస్త రుచి పట్టిందిరా," అంది.

ఎండిన టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. చైనాలో ఫూజియన్ వాళ్లు ఆ గుణంతోనే వ్యాపారం చేస్తున్నారు. మధ్యాహ్నం కోసిన మల్లెమొగ్గల్ని గ్రీన్ టీతో కలిపి రాత్రంతా ఉంచుతారు. మొగ్గలు విచ్చుకుంటుంటే ఆ పరిమళాన్ని ఆకు తాగేస్తుంది. పూలు ఏరేసి, మర్నాడు మళ్లీ కొత్త మొగ్గలు కలుపుతారు. మంచి రకమైతే ఈ తంతు చాలా రాత్రులే నడుస్తుంది. అక్కడి ఆకుకి మల్లెలు రాసిపెట్టి ఉన్నాయి. మా ఇంటి ఆకు జాతకంలో ఇంగువ ఉంది.

ఇక మా ఇంట్లో వాసన లేని చోటు ఎక్కడుందా అని వేట మొదలైంది. తెలుగువాళ్ల ఇంట్లో అలాంటి చోటు ఉంటుందనుకోవడమే అమాయకత్వం. బీరువాలో కలరా ఉండలు. మంచం కింద కొబ్బరినూనె డబ్బా. ఫ్రిజ్‌లో పులుస్తున్న దోసెల పిండి, దాని పక్కన సగం కోసిన ఉల్లిపాయ. చల్లటి డబ్బాని బయటికి తీసి మూత తీస్తే తడి పట్టడం మరో గొడవ. అప్పుడు మా అమ్మ, "దేవుడి గదిలో పెట్టు, ఎవరూ ముట్టుకోరు," అంది. మనుషులు ముట్టుకోని మాట నిజమే. కానీ రోజూ అగరొత్తులు, హారతి కర్పూరం, శుక్రవారం సాంబ్రాణి! శ్రావణమాసం వెళ్లాక ఆ టీ ఒక చుట్టానికి ఇస్తే, ఆయన కప్పుని కళ్లకద్దుకుని తాగాడు.

తడి సంగతి విశాఖపట్నం వాళ్లకి వేరే చెప్పాలా! టీ ఫ్యాక్టరీలో ఆకుని ఎండబెట్టి తీసేసరికి అందులో తేమ సుమారు 3 శాతమే ఉంటుంది. మా ఊళ్లో వానాకాలం ఉప్పుజాడీలో నీరు చేరుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల గీస్తే వెలగదు. ఈ గాలిలో మూత తీసిన ప్రతిసారీ ఆకు కాస్త సముద్రాన్ని తాగుతుంది. మా అమ్మేమో టీ ఉందో అయిపోయిందో చూడ్డానికి రోజూ మూత తీస్తుంది.

జపాన్‌లో, క్యోటోలో, కైకాదో అనే వాళ్లు 1875 నుంచీ టీ కోసమని ప్రత్యేకంగా రేకు డబ్బాలు చేస్తున్నారు. మూత పైన ఆనించి వదిలితే చాలు, తన బరువుకి తానే మెల్లగా దిగి బిగుసుకుంటుంది. ఈ ముచ్చట మా అమ్మకి చెప్తే, "మూత వేసే ఓపిక కూడా లేదా వాళ్లకి?" అని జాలిపడింది.

అసలు జబ్బు డబ్బాలో లేదు. మంచిది ఏదొచ్చినా చుట్టాలొస్తే తీద్దామని దాచడం మనకి పుట్టుకతో వచ్చింది. పట్టుచీర దాస్తాం, కొత్త దుప్పటి దాస్తాం, పింగాణీ కప్పులు దాస్తాం. పాత బియ్యం, పాత చింతపండు, ఊరిన ఆవకాయ తిని పెరిగిన మా అమ్మకి, ఉంచినకొద్దీ చెడిపోయేది కూడా ఒక సరుకేనా అని అనుమానం. పైగా మా బావమరిది నోరు జారాడు. యునాన్‌లో పు-అర్ టీని బిళ్లలుగా నొక్కి ఏళ్ల తరబడి మాగబెడతారని, పాతబడేకొద్దీ ధర పెరుగుతుందని చెప్పాడు. "చూశావా!" అంది మా అమ్మ. అది వేరే రకం ఆకు, వేరే తయారీ, అక్కడ సూక్ష్మజీవులు పనిచేస్తాయి, ఫస్ట్ ఫ్లష్ అయితే ఏడాదిలోపే తాగెయ్యాలి అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ టీకి కావలసిన ఇల్లు దానితోనే వచ్చింది. లోపల అల్యూమినియం పొర ఉన్న కవరు. గాలి పోయేలా నొక్కి, మూతి మడిచి, బట్టల క్లిప్పు పెట్టి, బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, స్టవ్‌కి దూరంగా చీకటి అలమరలో పెడితే చాలు. మా ఆవిడ ఆ కవరు ముచ్చటగా ఉందని టీ బయటికి ఒంపేసి, అందులో ఎండుమిరపకాయలు పోసుకుంది. మిరపకాయలు ఏడాది పొడుగునా తాజాగా ఉన్నాయి.

ఈసారి వంద గ్రాములే తెమ్మని బావమరిదికి చెప్పాం. మీ ఇంట్లో కూడా ఎవరో వస్తారని దాచిన ఆకు టీ ఉంటే, ఈ సాయంత్రమే తీసి మీరే తాగెయ్యండి. చుట్టాలకి అల్లం టీ చాలు, వాళ్లు అడిగేదీ అదే.