కుర్చీ మీద చొక్కా పెట్టిన మొనగాడు

మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది లెండి. రాకపోతే ఇవాళ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. తొమ్మిదింటికల్లా ఫోన్లు పక్కన పడేయండి అని చెప్పే సందేశం తొమ్మిదింటికే, ఫోన్లోనే రావాలి కదా మరి! మా అపార్ట్‌మెంట్లో ఇరవై ఒక్క రోజుల వ్రతం పట్టారు. ఉద్యాపన ఎలాగో, వాయనం ఎవరికో ఇంకా చెప్పలేదు. రేపు గెలవాలంటే ఈ రాత్రే గెలవాలట. దానవాయిపేటలో ఇంతమంది రాత్రిళ్లు యుద్ధాలకి వెళ్తున్నారని నాకిన్నాళ్లూ తెలీనే తెలీదండి.

దానికో లెక్క కూడా ఉంది. పది, మూడు, రెండు, ఒకటి, సున్నా. రాకెట్ వదులుతున్నారనుకునేరు, పడుకోవడానికే. పడకకి పది గంటల ముందు కాఫీ బంద్, మూడు గంటల ముందు తిండి బంద్, రెండు గంటల ముందు పని బంద్, గంట ముందు ఫోన్ బంద్. ఆ సున్నా ఏమిటంటే, పొద్దున్నే మోగిన అలారం నొక్కేసి మళ్లీ ముసుగు తన్నకూడదు. పదింటికి పడుకునే మనిషి మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ చుక్క ముట్టకూడదన్నమాట. రాజమండ్రిలో! నాలుగింటి కాఫీ పడకపోతే మా వీధిలో సగం కాపురాలు సాయంత్రానికి నిలబడవు. ఏడింటికి భోజనం అయిపోవాలి. మా వీధిలోకి కూరల బండి వచ్చేదే ఏడింటికి. ఎనిమిదింటికి పని ఆపేయాలి. ఎవరు ఆపాలి? ఈ లెక్క కట్టిన పెద్దమనిషి ఇంట్లో అంట్లు ఎన్నింటికి తోముతారో, ఎవరు తోముతారో కనుక్కుని చెబుతారా?

పడుకునే ముందు మూడు కృతజ్ఞతలు రాసుకోవాలట. డెల్టాలో ఉండేవాళ్లకి సులువే: దోమతెరకి, దోమతెరకి, దోమతెరకి. దిండు మీద లావెండర్ నూనె చుక్కలు వేసుకోవాలట. వేసుకోండి, మాదేం పోయింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నా వల్ల కానిది ఆ కుర్చీ.

రేపు వేసుకునే బట్టలు ఈ రాత్రే తీసి కుర్చీ మీద పెట్టుకోవాలి. అంతవరకూ అయితే ఎవరిష్టం వాళ్లది. దానికి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలట. పెడుతున్నారండీ! కుర్చీ వెనక్కి తగిలించిన చొక్కా, సీట్లో మడత పెట్టిన ప్యాంటు, దాని మీద పాములా చుట్టిన బెల్టు, చేతిరుమాలు, కింద పాలిష్ కొట్టిన బూట్లు, వాటిలో దూర్చిన సాక్సులు. కింద 'ఈ రోజుది పూర్తయింది' అని ఒక ముక్క, దండం పెట్టే బొమ్మ. ఆ దండం ఎవరికో నాకు అంతుబట్టలేదు. కుర్చీకే అయ్యుంటుంది. వెనకాలే మిగిలిన మగవాళ్ల చప్పట్లు. పద్మ అవార్డు వచ్చినా ఇన్ని చప్పట్లు పడవు.

ఆ చొక్కా ఎలా వచ్చిందండీ కుర్చీ మీదకి? ఊడిపోయిన గుండీ ఎవరు కుట్టారు? కాలర్ మురికి బ్రష్షు పెట్టి ఎవరు రుద్దారు? ముసురు పట్టిన రోజున వరండాలో, గదిలో, చివరికి ఫ్యాను కింద మార్చి మార్చి ఎవరు ఆరేశారు? ఇస్త్రీ బండి అబ్బాయికి ఎవరు వేశారు, ఎన్ని జతలు వేశారో ఎవరికి గుర్తుంది? ఇన్ని చేతులు మారి, బీరువాలో మూడో అరలోకి చేరిన చొక్కాని మూడడుగుల దూరంలో ఉన్న కుర్చీ మీదకి మోసుకొచ్చినవాడు మొనగాడు. మా ఆయనైతే ఆ మూడడుగులు కూడా కేకేసి దాటించారు. "ఏమోయ్, నా నీలం గళ్ల చొక్కా ఎక్కడా?" అని. తర్వాత ఫొటో తీసుకున్నారు. ఫొటోలో కేక పడదు కదా.

దీనికో శాస్త్రం ఉందట. మనిషికి నిర్ణయాలు తీసుకునే శక్తి రోజుకింత అనే ఉంటుందట, పొద్దున్నే ఏ చొక్కా అని తేల్చుకోవడంలోనే అది కాస్తా ఖర్చైపోతే ఆఫీసులో పెద్ద నిర్ణయాలకి మిగలదట. ఒబామా గారు 2012లో వానిటీ ఫెయిర్ పత్రికతో మాట్లాడుతూ తాను బూడిదరంగు, నీలం సూట్లే వేస్తానని, అనవసరపు నిర్ణయాలు తగ్గించుకుంటున్నానని చెప్పారు. ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ గారు రోజూ అదే బూడిదరంగు టీషర్టుకి 2014లో ఇదే కారణం చెప్పారు. బాగుంది. ఒకరు అప్పట్లో అమెరికాని నడిపారు, ఒకరు సగం ప్రపంచాన్ని ఫోన్లో కూర్చోబెట్టారు. మా ఆయన రోజు మొత్తం మీద తీసుకునే అతి పెద్ద నిర్ణయం, క్యాంటీన్లో ఉత్త పెసరట్టా, ఉప్మా పెసరట్టా అని. దానికి శక్తి కూడబెట్టడం కోసం ముందు రోజు రాత్రే చొక్కా తీయాలి!

ఆ శాస్త్రానికి పట్టిన గతి కూడా చెప్పాలి. 1998లో బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన జట్టు కొందరి ముందు బిస్కట్లు పెట్టి, అవి తినకుండా ముల్లంగి తినమన్నారు. ముల్లంగి తిన్నవాళ్లు ఆ తర్వాత ఇచ్చిన పజిల్‌ని తొందరగా వదిలేశారని, కాబట్టి మనసులోని నిగ్రహం వాడేకొద్దీ కరిగిపోతుందని తేల్చారు. 2016లో అదే సిద్ధాంతాన్ని 23 ప్రయోగశాలల్లో, 2 వేల మందికి పైగా మనుషుల మీద మళ్లీ పరీక్షిస్తే చెప్పుకోదగ్గ ఫలితం ఏమీ కనబడలేదు. అయినా కుర్చీ మాత్రం మన డ్రాయింగు రూముల దాకా వచ్చేసింది. ముల్లంగి రాలేదు, నయం.

ఇరవై ఒక్క రోజుల లెక్కా అలాంటిదే. 1960లో మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన పుస్తకంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ముక్కు సంగతి చెబితే మనవాళ్లు దాన్ని బతుక్కి అంటగట్టారు. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు నిజంగా కొలిచి చూస్తే, ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. రెండు వందల యాభై నాలుగు రోజుల వ్రతమంటే ఎవరు పడతారు?

సరే, నిజంగా నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారో చూద్దాం. రేపటి టిఫిన్ ఏమిటని ఇవాళ మధ్యాహ్నమే అనుకోవాలి. పెసలు రాత్రి నానబోయకపోతే పొద్దున పెసరట్టు లేదు. మినప్పప్పు మధ్యాహ్నం నానేస్తే సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులియాలి. మాఘమాసం చలికి పులవదు, వైశాఖంలో గిన్నె దాటి పొంగిపోతుంది. అందరూ తిన్నాక, వంటిల్లు కడిగాక, ఆఖరున పాలు తోడు పెట్టాలి. పాలలో చిటికెన వేలు ముంచి చూడాలి. చురుక్కుమంటే ఆగాలి, చల్లారిపోతే మళ్లీ పొయ్యెక్కించాలి, గోరువెచ్చన ఉన్నప్పుడే మజ్జిగ చుక్క వేసి తిప్పాలి. ఈ చుక్క ఎక్కువైతే రేపు పెరుగు పులిసిందని మొహం చిట్లిస్తారు, తక్కువైతే తోడుకోలేదంటారు. పూర్వం అయితే మిగిలిన అన్నంలో నీళ్లో, మజ్జిగో పోసి మూత పెట్టేవారు, పొద్దున్నే పొలం వెళ్లేవాళ్లకి చద్దన్నం. రేపటికోసం ఈ రాత్రే సిద్ధమవడం అంటే ఇదీ. ఇది మా అమ్మమ్మ చేసింది, మా అమ్మ చేసింది. ఎవరూ ఫొటో తీయలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్క రాత్రి తోడు పెట్టడం మర్చిపోతే మాత్రం ఇల్లంతా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడెవరో మగాయన మైకు పట్టుకుని రేపటికి సిద్ధపడటం తనే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే ఒళ్లు మండదా?

ఈ రొటీన్లకి ఆదిపురుషుడుగా చెప్పే బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతీ అంతే. సాయంత్రం ఆరు నుంచి వస్తువులు సర్దుకోవడం, భోజనం, సంగీతం, కబుర్లు, ఇవాళ ఏం మంచి చేశానన్న విచారణ, పదింటికి పడక. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఆ క్రమం తనకే పట్టుబడలేదని ఆయనే ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆ ఇంట్లో బానిసలు ఉండేవారన్న సంగతి మాత్రం ఈ మైకు సార్లెవరూ ఎత్తరు.

ఇక అపార్ట్‌మెంటు దాటి పోదాం రండి. భీమవరం అవతల ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు రొయ్యల చెరువుల గట్ల మీదకెళ్లి ఈ తొమ్మిదింటి సూత్రం చెప్పండి. పగలు నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడితే అదీ పీల్చుకోవడమే. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలయ్యేసరికి చెరువులో ఊపిరి అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయా, జనరేటర్ వెంటనే అందుకోకపోతే రొయ్య తేలిపోతుంది. లీజు, మేత, మందులు, మూడు నెలల కష్టం తెల్లారేలోపు పోతుంది. గట్టు మీద పాకలో కాపలా ఉండే మనిషి అర్ధరాత్రి లేచి నీటి అంచున టార్చి వేస్తాడు. రొయ్యల కళ్లు అంచు పొడవునా ఎర్రగా మెరిశాయంటే వాటికి గాలి ఆడటం లేదని లెక్క. పెళ్లాం పిల్లలతో ఎక్కడినుంచో వలసొచ్చి, పాములు తిరిగే గట్టు మీద, ఏరేటర్ల మోతలో పడుకునే ఆ మనిషికి నిద్రకి ముందు నీలికాంతి చూడకూడదని చెప్పండి. చెప్పి క్షేమంగా తిరిగి రండి.

వాళ్ల రేపు వాళ్ల చేతిలో ఉందా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి ఇక్కడ గట్టు మీద రైతు గుండె జారింది. ఆయన కృతజ్ఞతలు రాసుకోలేదనా? రొయ్యల సంగతి సరే, మాసూళ్ల రోజుల్లో కాలవ గట్టు రోడ్డు మీద ధాన్యం రాశి పోసుకున్న రైతుని చూశారా? ఆకాశం మబ్బేస్తే అద్దె బరకాలు తెచ్చి కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పక్కనే మంచం వేసుకుంటాడు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఇంతకన్నా రేపటికి సిద్ధపడిన మనిషిని నేను చూడలేదు. ఆయన్ని గెలిపించిన రాత్రి కూడా చూడలేదు.

ఒక పక్క సాయంత్రాన్ని లాగేసుకుంటూ, ఇంకో పక్క సాయంత్రం ఎలా గడపాలో చెప్పడం ఎంత సిగ్గుమాలినతనం! 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచడానికి ఒప్పుకుంది. ఓవర్‌టైమ్ హద్దు మూడు నెలలకి 75 గంటలు ఉండేది, 144 చేశారు. పది గంటలు ఫ్యాక్టరీలో నిలబడి, బస్సు పట్టుకుని ఇల్లు చేరిన అమ్మాయికి పడకకి రెండు గంటల ముందు పని ఆపాలని ఎవరు చెబుతారు? వంటెవరు చేస్తారు? రాత్రి పదింటికి "రేపు మీటింగ్ తొమ్మిదికి కాదు, ఎనిమిదికి" అని మెసేజ్ కొట్టే మేనేజరే, పక్క గ్రూపులో ప్రశాంతమైన నిద్రకి ఏడు చిట్కాలు పంపుతున్నాడు.

ముందే సిద్ధమవ్వాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఎవరూ చార్టులు పంపరు. గోదావరి పుష్కరం పన్నెండేళ్లకోసారి వస్తుందని పంచాంగం చూడనివాడికి కూడా తెలుసు. 2015 జూలై 14న, మొదటి రోజు పొద్దున్నే, మా ఊరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చచ్చిపోయారు. పన్నెండేళ్ల ముందే తెలిసిన రేపండీ అది! వాళ్లలో ఎందరో ముందు రోజు రాత్రే బట్టలు సర్దుకుని, రైలెక్కి, తెల్లారేసరికి గట్టుకి చేరినవాళ్లే. సిద్ధపడనిది వాళ్లు కాదు. 2027లో మళ్లీ వస్తున్నాయి పుష్కరాలు. ఆ కుర్చీల ఫొటోలేవో ముందు వాటి పనులు చూసే అధికారుల చేత పెట్టించండి, నేనూ చప్పట్లు కొడతాను.

ఇక మిగిలింది ఆ రాత్రిపూట జాబితా. పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద రాసుకుంటే నిద్ర తొందరగా పడుతుందట. ఇది మాత్రం కొలిచిన సంగతే. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మంది కుర్రాళ్లని, అమ్మాయిల్ని పడుకోబెట్టి చూశారు. రాబోయే పనులు రాసినవాళ్లకి, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా ఓ తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలు ఎవరికి కావాలో తీసుకోండి. నేను నా జాబితా రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది.

ఈ ఆదివారం ఏసీ హాల్లో దీని మీద వర్క్‌షాపట. సాయంత్రాలు ఎలా గడపాలో నేర్పడానికి సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. ఆ తర్వాత డిన్నర్. డిన్నర్ తర్వాత కాఫీ. మా ఆయన పేరిచ్చేసి వచ్చారు, భార్యలకి ఉచితమని నా పేరూ రాయించారు. నేను రానన్నాను. ఆ రాత్రి పెసలు నానబోయనని, పాలు తోడు పెట్టనని కూడా చెప్పాను. సోమవారం పొద్దున టిఫిన్ ఆ మైకు సారుగారినే అడగమన్నాను.