ఏంగాదన్న

బీబీపేటలో ఎవరింట్లో ఏ పని మొదలైనా పిలవకుండానే వచ్చి నిలబడే మనిషి ఒకడుంటాడు. బోరు వేస్తుంటే కేసింగు పైపు మీద అరచేత్తో చరుస్తాడు. స్లాబుకి సెంట్రింగు కొడుతుంటే కర్రను కాలితో తన్ని చూస్తాడు. కరెంటు స్తంభం ఒరిగితే కొంచెం దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, దాని వాలు కొలుస్తాడు. అన్నిటికీ ఒకటే తీర్పు: "ఏంగాదు తియ్యి." రేషన్ కార్డులో ఏం పేరుందో గానీ ఊరికి ఆయన ఏంగాదన్న. ఈ జాతి మా ఊరికే ప్రత్యేకం అనుకునేరు. దోమకొండలో ఉన్నారు, దుబ్బాకలో ఉన్నారు, ఎల్లారెడ్డి బస్టాండులో దిగితే ఎదురొచ్చి మరీ పలకరిస్తారు.

ఏంగాదన్నకు ఈ అధికారం షార్జా నుంచి వచ్చింది. కామారెడ్డి చుట్టుపక్కల గల్ఫుకి పోని ఇల్లు వెతకాలి. ఈయనా పోయాడు, ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో గ్యారేజీలో ఉన్నాడు. అక్కడ ఏం పని చేశాడన్నది మాత్రం ఊళ్ళో ఇంకా తేలలేదు. టైర్లు విప్పేవాడని ఆయన వర్గం, మెకానిక్కులకు చాయ్ అందించేవాడని అవతలి వర్గం. ఏదైతేనేం, కార్లు గాల్లోకి లేవడం దగ్గర్నుంచి చూసిన మనిషి. "షార్జాల కార్లు కిందుంటయా తమ్మీ? దినమంత మీదనే ఉంటయ్" అంటాడు. కాబట్టి ఇంట్లో అల్లుడి ఇన్నోవా ఉన్నప్పుడు, దాన్ని లేపే లిఫ్టు కూడా ఉండాలన్నది ఆయన నిశ్చయం. ఆయిలు మార్పించడానికి ప్రతిసారీ కామారెడ్డి పోవుడు, అక్కడ సర్వీసింగోడి ముందు చేతులు కట్టుకొని నిలబడుడు, ఇక నడవదు.

లిఫ్టు ఫోన్లో దొరికింది. పేరున్న కంపెనీది లక్ష దాటి ఎక్కడో ఉంది. ఇది అందులో సగం. పేరు లేదు, పేరుండాల్సిన చోట ఎర్ర రంగు మాత్రం దండిగా ఉంది. డీసీఎంలో వచ్చి దిగింది. రెండు స్తంభాలు, నాలుగు చేతులు, ఒక మోటారు, ఒక సంచెడు బోల్టులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇదే మనిషి బర్రెను కొనాలంటే మూడు సంతలు తిరుగుతాడు. పళ్ళు లెక్కపెడతాడు, సుడులు చూస్తాడు, నాలుగు రొమ్ములూ పిండి చూస్తాడు, పొద్దున ఒకసారి మాపున ఒకసారి పాలు కొలిపించుకుంటాడు, అమ్మేవాడి అత్తగారి ఊరెక్కడో కూడా కనుక్కుంటాడు. బర్రె మీద పడి చచ్చినవాడు ఆయన ఎరుకలో లేడు. ఇన్నోవా టన్నున్నర దాటుతుంది, దాని కింద మనిషి నిలబడాలి. దానికి ఆయన చేసిన పరీక్ష మొత్తం ఇదీ: స్తంభాన్ని చరిచాడు, అది టంగుమంది. "విన్నవా? కంపెనీ మాల్."

మాలు చవకైనంత మాత్రాన ముంచుతుందని నేననను. ఇనుముకి గర్వం ఉండదు, పేరు లేకపోయినా బరువు మోస్తుంది. చవకగా ఇచ్చేవాడు ఎక్కడ మిగిల్చుకున్నాడన్నదే చూడాలి. వెల్డింగులోనా, తీగల్లోనా, తాళాల్లోనా, లేక బిగించే కూలీలోనా? వెల్డింగు మీద రంగు ఎంత మందంగా ఉంటే నాకు అంత అనుమానం. గరుకుగా, గుంటలు గుంటలుగా ఉన్న అతుకును దాచడానికి ఎర్ర రంగును మించింది లేదు. ఏంగాదన్నకు మాత్రం ఆ రంగే నచ్చింది.

పైగా స్తంభం మీద బంగారు రంగు బిళ్ళ ఒకటి అంటించి ఉంది. "అమెరికా సర్టిఫికెట్" అని చూపించాడు. అలాంటి బిళ్ళ నిజంగానే ఉంది. అమెరికాలో లిఫ్టు తయారీదారులు 1945లో పెట్టుకున్న ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది. ప్రమాణం ప్రకారం బయటి ల్యాబులో పరీక్ష నెగ్గిన మోడళ్ళకే అది బంగారు బిళ్ళ ఇస్తుంది. యూరపు వాళ్ళకి ఇలాంటి ప్రమాణమే ఈఎన్ 1493. బిళ్ళ నిజమో కాదో చూడటం కూడా కష్టం కాదు, ఆ సంస్థ జాబితాలో కంపెనీ పేరు, మోడలు నంబరు వెతికితే చాలు. ఏంగాదన్న లిఫ్టుకి వెతకడానికి పేరే లేదు. ఆ బిళ్ళ మీద సర్టిఫైడ్ అన్న మాటలో ఒక అక్షరం కూడా తగ్గింది. నంబరు ప్లేటు మీద "అమ్మ దీవెన" అని రాసే రేడియం స్టిక్కర్ల షాపులో ఇచ్చినా అక్షరం తగ్గకుండా కొట్టిచ్చేవాడు.

బిగించడానికి వచ్చిన పోరగాళ్ళు పొద్దున వచ్చి అన్నం వేళకల్లా వెళ్ళిపోయారు. స్తంభాలు షెడ్డు రేకులకు తగిలితే రెండు రేకులు కోసి వాటి తలలు బయటపెట్టారు. వాన పడితే నీళ్ళు ఆ స్తంభం వెంటే మోటారు మీదికి దిగుతాయి. దానికీ ఏంగాదు.

అసలు ప్రాణం తాళాల్లో ఉంటుంది. స్తంభం లోపల చెయ్యి పైకి జరుగుతుంటే కొన్ని అంగుళాలకోసారి ఒక ఇనుప నాలుక గాడిలో పడుతుంది. టక్, టక్ మంటుంది. కారును లేపేది ఆయిలు, నిలిపేది ఆ నాలుక. అందుకే కింద పని చేసేముందు కారును కొంచెం కిందికి దించి, రెండు స్తంభాల్లోనూ నాలుకలు గాళ్ళలో కూర్చున్నాయని కళ్ళతో చూసుకోవాలి. గొట్టం పగిలినా, సీలు కారినా కారు అక్కడే ఉంటుంది. రెండు వైపుల చేతులూ సమంగా లేవడానికి అటూ ఇటూ కలుపుతూ ఉక్కు తీగలుంటాయి, అవి వదులైతే ఒక పక్క ముందు లేస్తుంది, ఒక పక్క వెనకపడుతుంది. అప్పుడు ఒక నాలుక గాడిలో, ఇంకోటి గాల్లో. ఏంగాదన్నకు ఆ టక్ టక్ నచ్చలేదు. కారు దించాలంటే మాటిమాటికీ తాడు గుంజి నాలుక విడిపించాలి కదా, "గీ గుంజుడేంది" అని ఆ తాడును బైండింగు తీగతో గుంజి పట్టి శాశ్వతంగా కట్టేశాడు. నాలుకలు రెండూ బుద్ధిగా వెనక్కి పోయాయి. లిఫ్టు నిశ్శబ్దంగా లేచింది. "సూడు, ఎంత స్మూతుగున్నదో!"

ఇక నేల. మా దిక్కు షెడ్డు అంటే తాండూరు బండలే. అంగుళం మందం బండ, దాని కింద నాలుగు వేళ్ళంత మాలు, దాని కింద మొరం. ఫాస్టనర్లు ఆ బండల్లోంచే దింపారు. బరువు స్తంభాన్ని కిందికి నొక్కుతుంది కాబట్టి ఇంకా గట్టిగా కూర్చుంటుందని ఏంగాదన్న శాస్త్రం. కానీ బరువు ఉండేది చేతుల కొసన. అది స్తంభాన్ని లోపలికి వంచాలని చూస్తుంది, వెనక బోల్టులను నేలలోంచి పెరికెయ్యాలని చూస్తుంది. అందుకే పేరున్న తయారీదారులు సాధారణంగా కనీసం 4 అంగుళాల గట్టి కాంక్రీటు అడుగుతారు, కొందరు 6 అంటారు. బోల్టు ఎంత లోతు పోవాలి, కాంక్రీటు అంచుకి ఎంత దూరంలో ఉండాలి, ఎంత బలంతో బిగించాలి అన్నీ కాగితం మీద రాసిస్తారు. నేనైతే లిఫ్టు కొనేముందు ఆ కాగితమే అడుగుతాను. కాగితం లేదన్నవాడితో ధర మాట్లాడను. ఈ లిఫ్టుతో వచ్చిన కాగితం ఒక్కటే, డీసీఎం కిరాయి రసీదు.

పూజ రోజు స్తంభాలకి పసుపు కుంకుమ పెట్టారు, నిమ్మకాయలు మిరపకాయలు కట్టారు. అల్లుడి ఇన్నోవా రెండు స్తంభాల మధ్య సిద్ధంగా ఉంది. సొంత స్కూటరు మాత్రం ఏంగాదన్న ముందే షెడ్డు బయట, వేపచెట్టు కింద పెట్టుకున్నాడు. ఈ జాతి లక్షణం అది. తాను చెప్పిన "ఏంగాదు" కింద తాను ఎప్పుడూ నిలబడడు.

"మొదలు నువ్వు కిందికి పో, ఎనక మా అల్లుని బండి లేపు" అంది భార్య.

"నేను బటన్ ఒత్తాలె గదనే" అన్నాడు.

కొబ్బరికాయ తీసుకొని స్తంభం మొదట్లో, బోల్టు పక్కనే కొట్టాడు. కాయ పగలలేదు. నేల డబ్బుమంది. ప్రసాదానికని వచ్చి గోడకానుకొని కూర్చున్న మేస్త్రి లేచాడు. సుత్తి కర్ర తిప్పి బండ మీద రెండు చోట్ల తట్టాడు. ఒక చోట కణ్ మంది, బోల్టు దగ్గర డొల్లగా మోగింది.

"అన్నా, బండ కిందేమున్నది?"

"మాలు."

"మాలు కింద?"

"మొరం."

"మొరం కింద?"

"భూదేవి ఉన్నది. ఇంతకంటె గట్టిదేముంటది మేస్త్రీ?"

మేస్త్రి మాట్లాడలేదు. బోల్టు తలకు పానా పెట్టి తిప్పాడు. అది తిరిగింది. ఇంకా తిరిగింది. ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంది. బోల్టు చుట్టూ ఎర్రటి మొరం పొడి ఒక వలయంగా పైకి తేలింది. అల్లుడు వచ్చి తాళం చెవి తీసుకొని, చేతులను అటూ ఇటూ పక్కకు తోసి, తన కారును చప్పుడు చెయ్యకుండా వెనక్కి తీసి వాకిట్లో పెట్టుకున్నాడు. ఆయన కూడా గల్ఫులోనే, దుబాయిలో పనిచేస్తాడు, కానీ నిజంగా గ్యారేజీలో.

మేస్త్రి లెక్క చెప్పాడు. బండలు పీకాలి, మొరం తవ్వాలి, కింద దిమ్మిస కొట్టి, జాలీ కట్టి, రెండు స్తంభాలకీ కలిపి ఒకే బెడ్డు పొయ్యాలి. కంకర, ఇసుక, సిమెంటు, కూలీ. ఏంగాదన్న కూలీ మీద 500 తగ్గించాడు, కంకర మీద అర ట్రిప్పు తగ్గించాడు, జాలీ వద్దన్నాడు. మేస్త్రి జాలీ దగ్గర మాత్రం వినలేదు.

"మల్ల 28 రోజులు నీళ్ళు పట్టాలె. అందాక బోల్టు ముట్టద్దు" అన్నాడు.

"28 రోజులా? అల్లుడు పదిహేనొద్దులల్ల పోతడు. పది రోజులు చెయ్యి."

"కాదన్నా."

"పన్నెండు. ఇదే ఆఖరు మాట."

"నాతోటేంది అన్నా," అన్నాడు మేస్త్రి, సుత్తి సంచిలో వేసుకుంటూ. "సిమెంటు తోటి మాట్లాడుకో. అది ఒప్పుకుంటె నేను రేపే బిగిస్త."