పూర్వజన్మ వాసన

మనిషికి గత జన్మ గుర్తుండదంటారు. ప్లాస్టిక్‌కు ఆ మతిమరుపు లేదు. పాత టీవీ డబ్బా నిప్పంటుకోకుండా అందులో బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. ఆ డబ్బా తుక్కు కొట్టుకెళ్లి, కరిగి, బొమ్మ కారుగానో వంటింటి నల్ల గరిటెగానో మళ్లీ పుట్టినా రసాయనాలు వెంటే వస్తాయి. పులుసులో గరిటె కాలిపోకుండా కాబోలు! ఆ రసాయనాల్లో డెకాబీడీఈ అనేదాన్ని స్టాక్‌హోం ఒప్పందం 2017లోనే నిర్మూలన జాబితాలో పెట్టింది. ఆ కబురు గరిటెదాకా రాలేదు.

అన్నట్టు, ఆ నలుపెందుకో తెలుసా? రంగురంగుల తుక్కు కలిపి కరిగిస్తే వచ్చే మురికి రంగు కనబడకుండా. నల్ల కవరు పుట్టుక రహస్యమూ అదే. రీసైకిల్ సంచుల్లో తినుబండారాలు కట్టకూడదని మన దేశంలో 2011 నిబంధనల్లోనే రాశారు. మన టిఫిన్ బండి దగ్గర పొగలు కక్కే సాంబారు మాత్రం ఏ కవరు చేతికందితే అందులోకే దూకుతుంది. తిన్నాక కవరు చెత్తకుప్పకు, వానకు నానిన కుప్ప ఊట నేలలోకి, అక్కణ్నుంచి బోరులోకి. రేపటి సాంబారుకు నీళ్లు ఆ బోరువే! రీసైక్లింగ్ అంటే ఇదీ.

సాయంత్రం బండి దగ్గరికి వెళ్తున్నారా? స్టీలు గిన్నె పట్టుకెళ్లండి.