నేను సర్వే ఫారాన్ని

నేను పుట్టింది జిరాక్సు షాపులో. నాలుగు పేజీలు, మూలన ఒక స్టేప్లర్ పిన్ను, నెత్తిన ‘60 ఏళ్లు దాటినవారి అవసరాలు’ అన్న శీర్షిక. నాతో పుట్టినవాళ్లు ఓ కట్ట. అందరి ఒంటి మీదా అవే ప్రశ్నలు. ఎవరింటికి వెళ్లామన్నదాన్ని బట్టే మా బతుకులు మారతాయి.

చూడ్డానికి నలిగిన కాగితాన్నే గానీ నాది పెద్ద వంశం. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం: మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా అని చూడటానికి ఈ ఆరింటినీ కొలతగా 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు ప్రకటించారు. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు ఫోను, బజారు, వంట, ఇంటి పని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలతో మరో కొలత తెచ్చారు. మన దేశంలో వృద్ధాప్యం మీద 2017-18లో జరిగిన లాసీ (LASI) సర్వే ఇలాంటి ప్రశ్నలతోనే 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని పలకరించింది. వాళ్లు ల్యాప్‌టాప్‌లతో వెళ్లారు. నేను అట్టకి క్లిప్పు పెట్టించుకుని కోనసీమలో ఓ కాలవగట్టు ఊరికి వచ్చాను.

నన్ను పట్టుకొచ్చింది సోషల్ వర్క్ చదువుతున్న అమ్మాయి. అరుగు మీద మామ్మగారు, పక్కనే కొడుకు.

“మామ్మగారూ, మీకేమైనా ఇబ్బందులున్నాయా?”

“మా అమ్మకేం లోటండీ, అన్నీ మేమే చూసుకుంటాం కదా” అన్నాడు కొడుకు. మామ్మగారు తలూపింది. అదే ధోరణిలో సాగితే నా గళ్లన్నీ ‘లేదు’తో నిండిపోయేవి. ఇంతలో ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నాయని మోటారు కట్టెయ్యడానికి అతను లోపలికి వెళ్లాడు.

మామ్మగారు గొంతు తగ్గించింది. “ఇదంతా రాస్తే పింఛనేమీ ఆగదు కదమ్మా?”

“దీనికీ పింఛనుకీ సంబంధం లేదండీ. స్నానం మీరే చేస్తారా?”

“నేనే చేస్తాను.”

“రోజూనా?”

“దొడ్లో గచ్చు జారుతుందమ్మా. ఎదురింటి పిల్ల చెయ్యి పట్టుకోవాలి. దానికి బడి లేనప్పుడు, ఆదివారం చేస్తాను.”

ప్రతి వరుసకీ నాలో ఉన్న గళ్లు రెండే: అవును, లేదు. కష్టం ఉందా అన్నది ఒక వరుస, సాయం దొరుకుతోందా అన్నది మరో వరుస. కష్టం ఉండి సాయం లేనివాళ్లే మా లెక్కలో తీరని అవసరం ఉన్నవాళ్లు. మరి వారానికి ఒక్కరోజు దొరికే సాయాన్ని ఎటు వెయ్యాలి? ఆ అమ్మాయి కాసేపు పెన్ను ఆపి, నా మార్జిన్‌లో ‘ఆదివారం మాత్రమే’ అని రాసింది.

అక్కణ్నుంచి ఆమె నా ప్రశ్నల్ని పక్కన పెట్టి, ఎప్పుడు, ఎలా, ఎవరితో అని అడగడం మొదలెట్టింది. మందుల సంగతి అప్పుడే బయటపడింది.

“పింఛను నాలుగు వేలూ ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తున్నారమ్మా. బీపీ మాత్రలకి మాత్రం నేనే బస్సెక్కి వెళ్లాలి. ఆ బస్సు మెట్టు నేనెక్కలేను. మావాడికి పని లేనప్పుడు బండి మీద తీసుకెళ్తాడు.”

“ఈలోపు అయిపోతే?”

“అయిపోకుండా రోజు మార్చి రోజు వేసుకుంటాను.”

‘మందులు వాడుతున్నారా?’ అన్న నా ప్రశ్నకు అంతకుముందే ‘అవును’ అని టిక్కు పడి ఉంది.

పెద్దవాళ్ల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ ఉందని తెలుసా అని కూడా నాలో ఒక ప్రశ్న ఉంది. “ఫోను మా మనవడి దగ్గరుంటుంది. వాడొచ్చాక చేయిస్తాలే” అంది మామ్మగారు, అమ్మాయిని నొప్పించడం ఇష్టం లేక.

ఇక నన్ను కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. టిక్కులు అంకెలవుతాయి, మార్జిన్ రాతలకు అక్కడ చోటుండదు. అందుకే నాదొక కోరిక. మా లెక్కలు తేలాక వాటిని ఆ ఊరి గ్రామసభలోనే చదివి వినిపించాలి, మార్జిన్‌తో సహా. గచ్చు పక్కన పట్టుకోవడానికో ఇనప కడ్డీ, నెలకోసారి మాత్రలు. ఆవిడ అవసరాలు ఇంతే. నాలుగు వేలు మోసుకొచ్చిన చేతులు బీపీ మాత్రల అట్ట ఎందుకు తేలేవన్న ప్రశ్న నా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. దాన్ని అడగాల్సింది మామ్మగారిని కాదు మరి.