ఫేనసంజీవని: డబ్బానురుగునకు టీకాతాత్పర్యములు

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు సంజీవని యను టీకను వ్రాయబూనినపుడు, మూలాధారము లేని మాట వ్రాయననియు, అక్కఱలేని మాట పలుకననియు ప్రతిన పట్టెను. ఆయన యింటిపేరుగల కొల్చారము మెదకుసీమలోనిది. నేను కాపురముండు శాలిబండనుండి ఒక పూట ప్రయాణము. దూరము అంతియే యైనను ఆ ప్రతినను నిలుపుకొను శక్తి నాకు లేదు. నేను మూలమున లేనిదానిని వ్రాయుదును, అక్కఱలేనిదానిని మఱింత వ్రాయుదును. ఏలయనగా, ఆయనకు దొరకిన మూలము రఘువంశము, నాకు దొరకినది గడ్డపునురుగు డబ్బా.

సంగతి యిది. 1892లో ఆస్మాన్ జా కట్టించిన మహబూబు చౌకు గడియారస్తంభమునకు చేరువ సందులో, రెండు కుర్చీలును మూడు అద్దములును గల క్షౌరశాల యొకటి కలదు. ముప్పదియేండ్లుగా నా గడ్డము పుట్టుట నా మొగమునందైనను గిట్టుట అచటనే. అచటి ఉస్తాదు నన్ను "పంతులు సాబ్" అని పిలుచును. మొన్నటి ఆదివారము అతడు ఎప్పటివలె ఇత్తడిగిన్నెను, సగము జుట్టూడిన బ్రష్షును తీయక, అద్దము ముందున్న నిలువుడబ్బాను పుచ్చుకొని మీట నొక్కెను. బుస్సుమని చప్పుడాయెను, కన్ను మూసి తెఱచునంతలో నా మొగము దూదేకులవాని వాకిటి కుప్పవలె నాయెను, ఇంకొకసారి మూసి తెఱచునంతలో కత్తి పడెను, మూడవసారి తెఱచునప్పటికి గదుమక్రింద నెత్తురు కనబడెను. పటికబిళ్ళ రుద్ది, ఎప్పుడు నిచ్చుదానికంటె ఇరువది రూపాయలు అధికముగ నడిగెను. ఎందులకు అంటిని. "ఫోమ్ హై సాబ్, నయా ఫార్ములా. దేఖో, ఇస్‌పే సబ్ లిఖ్‌కో హై" అని డబ్బాను నా చేత బెట్టెను.

ఫార్ములా యనగా సూత్రము. సూత్రమునకు వ్యాఖ్య లేనిచో లోకము దారి తప్పునని పెద్దల మతము. నా గదుమయే దానికి నిదర్శనము. కావున డబ్బామీది ఆంగ్లశాసనమును తెనిగించి, దానిక్రింద ఈ టీకను నిలుపుచున్నాను.

మూలము

వాడుటకు మున్ను డబ్బాను బాగుగ కుదుపుడు. తడిమొగమున నురుగును పూయుడు. తత్‌క్షణమే మెత్తబడు గడ్డమును గీయుడు. 50 డిగ్రీలకు మించిన వేడిమి తగులనీయకుడు. ఖాళీయైన పిదపను పొడువకుడు, కాల్చకుడు.

టీక

"కుదుపుడు": స్పష్టము. "డబ్బా": స్పష్టము. "పూయుడు": ఆబాలగోపాలవిదితము. తెలిసిన మాటలకు అర్థము వ్రాసి పుటలు నింపుటను పరీక్షల గైడులవారికి విడిచితిమి.

"నురుగు": ఇచట బండి నిలుపవలెను. అమరసింహుడు సముద్రపునురుగునకు డిండీరమనియు, అబ్ధికఫమనియు, ఫేనమనియు పేళ్ళు చెప్పెను. అబ్ధికఫమనగా సముద్రునికి పట్టిన శ్లేష్మము. ఇరువది రూపాయలు ఎక్కువ యిచ్చి శ్లేష్మము పూయించుకొంటినని ఇంటిలో చెప్పుకొనజాలక, మూడవ పేరైన ఫేనమునే ఈ టీకకు గ్రహించితిని.

ఫేనమనగనే నముచి తలపునకు రావలెను. ఇంద్రుని బలమును సురతో కూడ హరించిన అసురుడు వాడు. పగటగాని రాత్రిగాని, దండముతోగాని వింటితోగాని, అఱచేతగాని పిడికిటగాని, తడిదానితోగాని పొడిదానితోగాని నిన్ను చంపనని ఇంద్రుడు వానికి మాట యిచ్చి చిక్కుకొనియుండెను. శతపథబ్రాహ్మణము చెప్పు కథ యిది. ఇంద్రుడు పోయి అశ్వినీదేవతలతోను సరస్వతితోను మొఱపెట్టుకొనగా, వారు నీటినురుగును వజ్రముగ పోసి యిచ్చిరి. నురుగు తడియు గాదు, పొడియు గాదు. రాత్రి విడిచి సూర్యుడింకను పొడువని వేళ, దానితో అతడు నముచి తల తీసెను. ఋగ్వేదము ఎనిమిదవ మండలమందును ఇది సూచితమై యున్నది. భారతమున ఉద్యోగపర్వమునందు వృత్రునికిని పట్టిన గతి యిదియే. అచట విష్ణువు తానే నురుగులో చొచ్చినాడు.

ఈ కథను ఎన్నిమారులు చదివినను నాకు జాలి కలుగునది నముచిమీదనే. పత్తర్‌గట్టిలో దుకాణము అద్దెకు పుచ్చుకొనువాడు స్టాంపుకాగితముమీద వ్రాయించుకొనునంత జాగ్రత్తగ వాడు ఒడంబడిక వ్రాయించుకొనెను. కాలము విడువలేదు, ఆయుధము విడువలేదు, చేయి తెఱచినను మూసినను విడువలేదు. అంత చేసియు సందెవెలుగును మఱచెను, నురుగును మఱచెను. ఎంత చిక్కగ నేసిన ఒడంబడికకైనను ఎక్కడో యొక బెజ్జముండును. ఆ బెజ్జమునుండియే వజ్రము వచ్చును. దేవతలు మాట తప్పలేదు. మాటయందు దారి వెదకిరి. సన్నని యక్షరములలో షరతులు అచ్చువేయువారు దేవతల సంప్రదాయమువారే గాని అసురుల సంప్రదాయమువారు కారని నాకు దీనివలన తేటపడినది.

ఇంకొక విశేషము. ఈ నురుగుకత్తిని కాచి యిచ్చినవారిలో అశ్వినులు దేవవైద్యులు. మన పల్లెలలోను నిన్న మొన్నటివఱకు క్షురకుడే కురుపు కోయువాడు, అతని యింటి స్త్రీయే మంత్రసాని. పెండ్లిలో మంగళవాద్యమైన సన్నాయి పట్టువాడును అతడే. గడ్డము, గాయము, కాన్పు, కల్యాణము ఒక్క చేతిమీదుగ నడచిన కాలమది. అట్టి చేతికి "మీట నొక్కుము" అని డబ్బా ఆజ్ఞ యిచ్చుచున్నదే యని నా మనసు చివుక్కుమనును. సరే, నముచితో పాటు నేనును దారి తప్పితిని. డబ్బా కడకు మరలుదము.

మరలి చూడగా ఆ కథ వ్యర్థము కాలేదు. నురుగుతో గొరుగుటకు శ్రుతిలో దొరకిన తొలి నిదర్శనమున గడ్డముతో పాటు తలయు పోయినది. మా ఉస్తాదు ఆ లెక్కకు కొంచెముతోనే విడిచినాడు. అంతకంటె ముఖ్యము, తడియు పొడియు గాకుండుట అసురవధకు గుణమే గాని గడ్డమునకు దోషము. గడ్డపు వెండ్రుక నీటిని త్రాగి ఉబ్బినగాని మెత్తబడదు. మెత్తబడినగాని కత్తికి లొంగదు. దానికి కావలసినది వజ్రము కాదు, నీళ్ళు. డబ్బానురుగులో నీళ్ళెంత? భౌతికశాస్త్రజ్ఞులు నురుగుల స్వభావమును పరిశోధించుటకు ఈ గడ్డపునురుగునే మచ్చుగ తీసికొనుట వాడుక. అది సమానముగ నుండును, త్వరగ చెడదు. 1991లో వెలుగును దాని గుండ పంపి పరీక్షించిన వారికి తేలినది, దాని పరిమాణమున నూటికి సుమారు 92 పాళ్ళు వాయువే యని. ఇరువది రూపాయలకు నేను కొన్నదానిలో పదునెనిమిది రూపాయలు దాటి గాలి.

"తడిమొగమున": ఈ మాటను శాసనకర్త గొణిగి విడిచెను, నా మొగము తడిసిన గుర్తు నాకు లేదు. చౌలకర్మను చెప్పుచు ఆశ్వలాయన గృహ్యసూత్రము ఏమి విధించినది? చల్లనినీళ్ళును వేడినీళ్ళును కలుపుచు, వేడినీటితో రమ్మని వాయుదేవుని పిలువవలెను, పిదప ఆ నీటితోడను, వెన్నతోగాని పెరుగుతోగాని శిశువు తలను తడుపవలెను, అటుపిమ్మటనే కత్తి. కత్తిని కూడ, వీనిని హింసింపకుమని వేడుకొనవలెను. షేవింగుక్రీమునకు ఆదిపురుషుడు ఆ వెన్నముద్దయే యని నా నిశ్చయము. ఇక డబ్బా సంగతి. ఇందులోని వాయువు బ్యూటేను, ప్రొపేను; మన వంటింటి సిలిండరులో నుండునవే. ఒత్తిడిచేత ద్రవమై సబ్బునీటితో కలిసి డబ్బాలో పడియుండి, మీట నొక్కగనే మరగి వాయువై ఉబ్బి సబ్బునీటిని నురుగు చేయును. వాయుదేవుడు పిలువకుండనే వచ్చినాడు. వేడినీళ్ళు మాత్రము తేలేదు. ఇతనికంటె మునుపు ఈ కొలువులో నుండిన క్లోరోఫ్లోరోకార్బనులు ఆకాశమునందలి ఓజోనుపొరనే గొరుగుచున్నవని తెలిసి, 1987 నాటి మాంట్రియలు ఒడంబడికతో దేశములన్నియు వానిని వెడలగొట్ట బూనినవి.

"50 డిగ్రీలకు మించిన": చైత్రము దాటిన తరువాత మా సందులో రేకులకప్పు క్రింద కూర్చుండి చూచినవానికి దీని భావము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉస్తాదు డబ్బాను కూలరునీడన దాచి, దానికి తగులవలసిన చల్లగాలిని దానికే విడిచి, కుర్చీలోనివానిని ఉక్కపోతకు విడిచినాడు. గడ్డమునకు గ్యాసు కనెక్షను తెచ్చుకొన్న ఫలమిది.

పూర్వపక్షము

ఇచట పూర్వపక్షి ఉస్తాదే. నేను ఇదంతయు అతనికి వచ్చిన ఉర్దూలో నాకు వచ్చినంత చెప్పితిని. అతడు కత్తిని గుడ్డతో తుడుచుచు మూడు మాటలు చెప్పెను. నీళ్ళు కాచి యిచ్చు పిల్లవాడు దుకాణము మానివేసెను. ఇక నురుగు గిలుకుటకు తీరిక లేదు. అన్నిటికంటె, నల్లా దినము విడిచి దినము వచ్చును, నడుమ బోరునీళ్ళే, "బోరుకే పానీ మే సాబున్ ఉఠ్‌తాచ్ నై సాబ్."

ఈ మూడవమాటకు నా నోరు కట్టుపడినది. బోరునీటిలోని సున్నపుపాలు సబ్బుతో కలిసి తెట్టెగట్టును; బ్రష్షు ఎంత త్రిప్పినను గిన్నెలో విఱిగిన పాలు కనబడును గాని నురుగు కనబడదు. 1908 నాటి మూసీవరద తరువాత కట్టి, 1920లో ముగించిన గండిపేట చెఱువునీటిని త్రాగినవాడు ఈ ఊరు విడువడని మా పెద్దలు చెప్పుకొనెడివారు. ఆ నీటితో గోద్రెజు గుండ్రసబ్బుమీద మా తండ్రి బ్రష్షు నాలుగు త్రిప్పులు త్రిప్పిన, మీగడవంటి నురుగు గిన్నె అంచునకు వచ్చెడిది. డబ్బా తన మంచినీటిని తానే మోసికొని వచ్చును. ఆ మేరకు దానిని మెచ్చుకొనవలెను. స్టియరికామ్లమునుండి పుట్టిన సబ్బే అందును ఇందును. కులమున భేదము లేదు, పెంపకమున కలదు.

కాని ఒక చిక్కు. గడ్డము పెంచినవారికి ఉస్తాదు "ఖత్" దిద్దును. మా పాతబస్తీలో ఖత్ అన్న జాబు, ఖత్ అన్న చేవ్రాలు, ఖత్ అన్న చెంపమీద గడ్డపు గీటు. ఉర్దూ కవులు నూనూగు గడ్డపు లేతరేఖకును ఆ మాటనే వాడుదురు. ఒకే శబ్దమున లేఖకుడును క్షురకుడును ఉండుట ఏ భాషకు దొరకిన అదృష్టము! అట్టి గీటు దిద్దువానికి చర్మము కనబడవలెను. బ్రష్షుతో పూసిన పలుచని నురుగులోనుండి అది కనబడును. డబ్బానురుగు క్రింద కాగితమే కనబడదు, వ్రాత యెట్లు? ఇది నా మాట కాదు. ఖత్ దిద్దునపుడు డబ్బాను ప్రక్కన బెట్టి నీటిచేతితో తడుపుట నేను కన్నులార చూచితిని. ఎఱిగియు అతడు నా గదుమకు డబ్బానే పట్టెను!

సిద్ధాంతము

మిగిలినది "తత్‌క్షణమే" యను పదము. లోకులు దీనికి వెంటనే యని అర్థము చెప్పుదురు, అది పామరార్థము. అమరుని లెక్క చూడుడు: పదునెనిమిది నిమేషములు ఒక కాష్ఠ, ముప్పది కాష్ఠలు ఒక కల, ముప్పది కలలు ఒక క్షణము, పండ్రెండు క్షణములు ఒక ముహూర్తము. ముహూర్తమునకు 48 నిమిషములు. కావున క్షణమునకు 4 నిమిషములు. తార్కికుల క్షణము వేఱు. వారికి గడ్డముతో పని లేదు.

తత్‌క్షణమే గడ్డము మెత్తబడునని శాసనము. వేడినీరు పట్టించి, బ్రష్షు త్రిప్పి, నురుగు రెండుమార్లు పూసి, నడుమ ఇంటి కుశలము అడుగుటకు పట్టు కాలము నాలుగు నిమిషములు. అనగా డబ్బా తానెఱుగకయే ఇత్తడిగిన్నెను విధించుచున్నది. ఆ నాలుగు నిమిషములను మిగిల్చితినని అది గర్వించునదంతయు మూలవిరుద్ధము. అవి వ్యర్థకాలము కావు, పని యంతయు జరుగునది వానిలోనే. కత్తి కడపటి సంతకము మాత్రమే.

తాత్పర్యము

గాలికి ధర కట్టి, తొందరకు శాస్త్రమని పేరు పెట్టి, తగిలిన గాటుకు పటిక వేఱుగ రుద్దించు విధానమునకు నూతనసూత్రమని పేరు. గడ్డమునకు కావలసినవి మంచినీళ్ళు, నాలుగు నిమిషములు. రెండును ఊరిలో కఱవైనందున డబ్బా వచ్చినది. ఉస్తాదు తప్పు ఇందు సగమైనను లేదు.

కావున ఈ ఆదివారము నేను నల్లా వచ్చిన నాటి నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసికొని పోయితిని. నాలుగు నిమిషముల సంగతియు అమరుని సాక్షిగ విన్నవించితిని. ఉస్తాదు ఫ్లాస్కు మూత తీసి, ఆవిరి చూచి, అటకమీదినుండి ఇత్తడిగిన్నెను దించి దుమ్ము ఊదెను. "చార్ మినట్?" అని వీధిచివర చార్మినారు దిక్కునకు కత్తి చూపి, "ఠీక్ హై పంతులు సాబ్, ఏక్ ఏక్ మినార్ కో ఏక్ ఏక్ మినట్" అనెను. డబ్బు మాత్రము ఇరువది రూపాయలు ఎక్కువే పుచ్చుకొనెను. ఎందులకని నేనడుగలేదు.

ఇది శాలిబండ నివాసియు, వామహనుభాగమున పటికచే మాన్పబడిన వ్రణముగలవాడును, మల్లినాథుని ప్రతినను అడుగడుగున మీఱినవాడునగు ఒకానొక పంతులుచే విరచితమైన ఫేనసంజీవని యందు సర్వమును ఏకైకాశ్వాసము.