సంకల్పానికి ఏసీ గది

జనవరి ఒకటి వచ్చిందంటే హైదరాబాద్‌లో కొందరికి నిరాడంబరంగా బతకాలన్న సంకల్పం పుట్టుకొస్తుంది. వెంటనే అనంతగిరి కొండల్లో రిసార్టు బుక్కవుతుంది. నులక మంచం, లాంతరు, జొన్నరొట్టె. లాంతరులో ఎల్‌ఈడీ బల్బు, గదిలో ఏసీ. సెల్‌ఫోన్ మానేస్తున్నట్టు సెల్‌ఫోన్‌లోనే స్టేటస్!

కొండ దిగి తాండూరు వైపు వెళ్తే పెద్దేముల్ మండలం. అక్కడ రైతు ఏ సంకల్పమూ చెప్పుకోకుండానే జొన్నరొట్టె మీద పచ్చికారం వేసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ గట్టు మీదే సద్ది కానిచ్చేస్తాడు. జూన్ వానకు కంది విత్తితే పంట చేతికొచ్చేది డిసెంబరు, జనవరిలోనే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మన నిరాడంబరులు కారాపి, రోడ్డు పక్క అమ్మే ఆ కందిపప్పునే కిలోకు పది తగ్గించమని బేరమాడతారు.