వారంటీ వర్తించును, కొండలు మినహా

పల్నాడు బజార్లో ‘సైకిలు విరిగింది’ అని గట్టిగా అనడం క్షేమం కాదు. ఒక పార్టీవాళ్లు కొట్టడానికొస్తారు, ఇంకో పార్టీవాళ్లు దండెయ్యడానికొస్తారు. అందుకే ముందుగా మనవి చేస్తున్నా: ఇది ఎన్నికల గుర్తు గొడవ కాదు. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఇంటర్ కుర్రాళ్లు తొక్కుతున్న లావు టైర్ల గేరు సైకిలు గొడవ. ఇరవయ్యొక్క గేర్లు, ముందు షాకబ్జర్లు, డిస్కు బ్రేకులు. పేరు మౌంటెన్ బైకు.

దాని ప్రకటన మీరు చూసే ఉంటారు. హెల్మెట్ పెట్టుకున్న దొరగారొకరు కొండకొమ్ము మీంచి గాల్లోకి దూకుతుంటారు. ప్రకటనలో ఆ సైకిలు చక్రాలు నేలను తాకవు. వారంటీ కార్డు ప్రకారమైతే అవి నేలను వదలకూడదు. పదిహేను వేలు పోసి కొన్నవాడికి ఈ రెండో సంగతి ఫ్రేము పగిలాకే తెలుస్తుంది.

పగులు మొదట పగులులా కనిపించదు. సీటు గొట్టం పైఅంచునో, హ్యాండిల్ కింద రెండు గొట్టాలు అతికిన చోటో, పెడళ్ల దగ్గరో వెంట్రుకంత గీత వస్తుంది. రంగు లేచిందిలే అనుకుంటాం. నాలుగు స్పీడు బ్రేకర్లు దాటాక కిర్రుమంటుంది. అప్పుడు కార్డు వెతుకుతాం. అది దొరికితే బిల్లు దొరకదు. బిల్లూ దొరికితే అది నాన్న పేరు మీద ఉంటుంది. కార్డులో ‘మొదటి యజమానికి మాత్రమే’ అని ఉంటుంది. అసలు యజమాని జన్మలో ఆ సైకిలెక్కి ఉండడు.

ఇక షోరూంలో జరిగే విచారణ ఇలా ఉంటుంది.

“యాడ తొక్కావ్ అబ్బాయ్?”

“కోటప్పకొండ ఘాట్ రోడ్డులో అన్నా.”

“కొండెక్కావా! ఇంకేం వారంటీ?”

“మౌంటెన్ బైకేగా అన్నా?”

“పేరుదేముంది? పిడుగురాళ్లలో రోజూ పిడుగులు పడతన్నాయా?”

“పోనీ మట్టి డొంకలో తొక్కితే?”

“రఫ్ యూజ్ అంటారు.”

“తారు రోడ్డు మీద?”

“గుంటలో పడేశావంటారు. యాక్సిడెంటుకు వారంటీ రాదు.”

“మరి యాడ తొక్కాల?”

“ఈడ, షోరూంలో. ఏసీలో రెండు రౌండ్లు కొట్టు, ఎవురేమంటారు?”

చరిత్ర తిరగేస్తే అసలు మౌంటెన్ బైకు పుట్టిందే విరిగిన ఫ్రేముల వల్ల. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను తొక్కుకుంటూ టమల్‌పయిస్ కొండ మీంచి దూసుకొచ్చేవారు. ఆ దెబ్బలకు పాత ఫ్రేములు ఆగలేదు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన అచ్చంగా కొండ కోసమే ఫ్రేము కట్టాడు. యాభై ఏళ్లు తిరక్కుండానే మనం అంతకన్నా ముందుకెళ్లాం. కొండ పేరు ఉంచుకుని కొండను తీసేశాం.

షరతుల బాధ ఈ నేలకు కొత్తదేం కాదు. పన్నెండో శతాబ్దంలో గురజాలవారితో కోడిపందెం ఓడిన మాచర్లవారు ఏడేళ్లు వలస పోవాలన్నది షరతు. పోయారు. గడువు తీరాక మా రాజ్యం మాకివ్వండని అలరాజును గురజాలకు రాయబారం పంపారు. రాజ్యం ఇవ్వకపోగా రాయబారికి విషం పెట్టారని కథ. ఆ తర్వాత కారంపూడి యుద్ధంలో ఏం జరిగిందో పల్నాడులో పిల్లలకూ తెలుసు. ఇప్పటి కంపెనీలు సౌమ్యమైనవి. విషం వాడవు. ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది’ అని మెసేజీ పెడతాయి. అదీ నెమ్మదిగా అదే పని చేస్తుంది.

న్యాయంగా మన పాపమూ చెప్పుకోవాలి. సీటు గొట్టం మీద ఇంతకు మించి లేపవద్దని గీత ఉంటుంది. పొడుగు కాళ్లవాడు దాన్ని దాటించి లేపుతాడు. బరువంతా ఫ్రేము అంచు మీద పడుతుంది. అది చాలదన్నట్టు ముందు గొట్టం మీద ఒక స్నేహితుణ్ణి ఎక్కిస్తాడు. పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ షాపుకు పోతాడు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన అల్యూమినియం మెత్తబడుతుంది. ఫ్యాక్టరీలో అయితే మళ్లీ కొలిమిలో పెట్టి గట్టిపరుస్తారు. రోడ్డు పక్క షాపులో ఆ కొలిమి ఉండదు. దాంతో అతుకు పక్కన కొత్త పగులొస్తుంది, వారంటీ మాత్రం అక్కడికక్కడే పోతుంది.

ఇవేవీ చేయనివాడి ఫ్రేమూ పగులుతుంది. లోహానికి అలసట ఉంటుంది. స్టీలుకు ఒక హద్దుంది. ఆ హద్దు లోపు బరువు ఎన్ని లక్షల సార్లు వేసినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపునైనా లెక్కలో వేసుకుంటుంది, ఏదో ఒక రోజు బాకీ తీర్చుకుంటుంది. కంపెనీల తెలివంతా ఇక్కడే ఉంది. ఫ్రేము అల్యూమినియంతో చేస్తారు, వారంటీ మాత్రం ఎంతైనా ఓర్చుకునే స్టీలు మనిషిని తలచుకుని రాస్తారు. ఫొటోలు పంపమంటే ఆ మనిషి పంపుతాడు. పెడళ్ల కింద కొట్టిన ఫ్రేము నంబరు బోర్లాపడి ఫొటో తీయమంటే తీస్తాడు. ఫ్రేమును కార్గోలో సొంత ఖర్చుతో పంపమంటే పంపుతాడు. చివరికి మీ మోడల్ ఆగిపోయింది, వేరే రంగుదుంది, విప్పి బిగించే కూలి మీదే అంటే దండం పెట్టి ఒప్పుకుంటాడు.

చట్టం మాత్రం ఇంత స్టీలుగా ఉండమని చెప్పలేదు. 2020 జూలై 20న అమల్లోకొచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా కొన్నవాడు తన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. పగులు ఎందుకొచ్చిందో తేల్చడానికి కమిషన్ ల్యాబుకు పంపగలదు. నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఉంది. ప్రయత్నించాలని మాత్రమే ఉందని వకీళ్లకు బాగా తెలుసు. అంత ఓపిక లేనివారికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది.

పదిహేను వేల సైకిలుకు కోర్టేమిటంటారు పెద్దలు. కంపెనీ నమ్మకం కూడా అదే. అయినా ఒక్కడు వెయ్యాలి. అప్పుడు కంపెనీ తరఫు వకీలు నల్లకోటు సవరించుకుని, ‘అయ్యా, ఇది మౌంటెన్ బైకే గానీ మౌంటెన్‌కు కాదు’ అని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాల్సొస్తుంది. ఫ్రేము వచ్చినా రాకపోయినా ఆ కాగితం కాపీ ఒకటి చేతికొస్తుంది. దానికోసమైనా వెయ్యొచ్చు, ఎలాగూ ఫీజు లేదుగా.